వాకిలి పొలం వైపు ఉండాలి

ఇల్లు కట్టుకునే రైతు మేస్త్రీని ముందుగా అడిగే ప్రశ్న వాకిలి ఎటువైపు అని. గోడల ఎత్తు, గచ్చు నునుపు, కిటికీల రంగు ఆ తరువాతి మాటలు. ప్రజల కోసం నెలకొల్పిన ఒక పరిశోధనా సంస్థ కొత్త భవనంలోకి మారినప్పుడు కూడా మొదట అడగవలసిన ప్రశ్న ఇదే. గృహప్రవేశం నాడు మామిడి తోరణాలు కడతారు, పెద్దలు వస్తారు, ఉపన్యాసాలు ఇస్తారు. మర్నాడు తోరణాలు వాడిపోతాయి. వాకిలి మాత్రం యాభై ఏళ్లు ఉంటుంది. ఆ వాకిలిలోకి ఎవరు రాగలరు, అందులోంచి ఏం బయటికి వస్తుంది అన్నదే ఆ భవనం విలువను తేలుస్తుంది.

సంగారెడ్డి జిల్లా ప్రజలకు ఈ ప్రశ్న పరాయిది కాదు. పటాన్‌చెరు దాటి ముంబై రహదారి వెంట వెళ్లే ప్రతి బస్సు ప్రయాణికుడికీ ఇక్రిశాట్ కంచె కనిపిస్తుంది. దాని వెనుక బారులు తీరిన మళ్లు, చెట్ల నీడన భవనాలు కనిపిస్తాయి. మెట్ట ప్రాంతాల పంటల మీద పరిశోధన చేసే ఈ అంతర్జాతీయ సంస్థ 1972 మార్చి 28న ఏర్పడింది. మొదటి ఏళ్లలో దాని కార్యాలయం హైదరాబాదు బేగంపేటలోని అద్దె ఇంట్లో నడిచింది. పొలం పటాన్‌చెరులో, బల్ల బేగంపేటలో. నడుమ పాతిక కిలోమీటర్ల పైచిలుకు దూరం. 1975 జనవరిలో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేయగా, 1979 ఆగస్టులో నాటి ప్రధాని చరణ్ సింగ్ కొత్త భవనాలను జాతికి అంకితం చేశారు. ఆ విధంగా సంస్థ నగరం వదిలి పొలం గట్టుకు చేరింది.

నగరం నుంచి పల్లెకు కదిలిన కార్యాలయాలు మన దేశంలో అరుదు. చదువు, కొలువు, ఆస్పత్రి అన్నీ పల్లె నుంచి పట్నానికే తరలుతున్న రోజుల్లో, దేశ విదేశాల శాస్త్రవేత్తలు జొన్న చేను పక్కన కూర్చోవడానికి రావడం మెచ్చుకోవలసిన మార్పే. ఆ మార్పుకు ధర చెల్లించిందెవరో కూడా మరవకూడదు. సంస్థకు ఇచ్చిన భూమి 1,394 హెక్టార్లు, అంటే సుమారు 3,440 ఎకరాలు. రాష్ట్ర ప్రభుత్వం ఈ భూమిని సేకరించినప్పుడు మన్మూలు, కాచిరెడ్డిపల్లి అనే రెండు ఊళ్లు అక్కడినుంచి లేచిపోవలసి వచ్చింది. ఊరంటే ఇళ్లు మాత్రమే కాదు. బావి, బొడ్రాయి, పోచమ్మ గుడి, తాతలను పాతిన చోటు అన్నీ కలిస్తేనే ఊరు. వాటికి నష్టపరిహారం లెక్కకట్టే పట్టిక ఏ రెవెన్యూ కార్యాలయంలోనూ లేదు.

ఈ చోటే ఎందుకు ఎంచుకున్నారు? ఎర్ర చెలక, నల్లరేగడి, రెండు రకాల నేలలూ ఒకే కంచెలో దొరికాయి గనుక. వాన ఏడాదికి ఎనిమిది వందల మిల్లీమీటర్ల అటూ ఇటూగా, అదీ నమ్మకం లేకుండా పడుతుంది గనుక. ఆఫ్రికాలోని మెట్ట రైతుకూ, మధ్య భారత రైతుకూ, మన రైతుకూ ఉన్న కష్టాలు ఈ ఒక్కచోట పరీక్షకు దొరుకుతాయి. మన నేల బీదతనమే దానికి అర్హత అయింది. కనుక ఆ భవనం మీద మనకు ఒక హక్కు ఉంది, దాని నుంచి మనకు ఒక బాకీ రావలసి ఉంది. ఆ బాకీ ఎంతవరకు తీరిందన్నదే ఇక్కడ చర్చించవలసిన విషయం.

ముందుగా భవనాల పక్షాన చెప్పవలసిన న్యాయమైన మాట చెప్పాలి. పరిశోధనకు గూడు అక్కర్లేదనడం తెలివైన వాదన కాదు. అద్దె ఇంటి గదిలో గింజను తరాల తరబడి బతికించి ఉంచలేరు. పటాన్‌చెరులోని విత్తన నిధిలో నేడు లక్షా ఇరవై వేలకు పైగా రకాల విత్తనాలు ఉన్నాయి. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, కొర్ర, రాగి వంటి పంటలవి. ప్రపంచంలోని నూట నలభైకి పైగా దేశాల నుంచి సేకరించినవి. తేమ తగ్గించి ఆరబెట్టిన గింజను కొంతకాలం వాడకానికి 4 డిగ్రీల చలిలోనూ, దీర్ఘకాలం దాచడానికి మైనస్ 20 డిగ్రీల చలిలోనూ ఉంచుతారు. కరెంటు పోతే జనరేటర్ నడవాలి. గింజ మొలక శక్తి తగ్గితే మళ్లీ పొలంలో వేసి కొత్త గింజ తీయాలి. తమ సొంత జొన్న రకాలను పోగొట్టుకున్న బోట్స్వానా, ఇథియోపియా వంటి ఆఫ్రికా దేశాలకు వాటి విత్తనం ఇక్కడి నుంచే తిరిగి వెళ్లింది. నార్వే మంచుకొండలో 2008లో తెరిచిన ప్రపంచ విత్తన గోదాములోనూ పటాన్‌చెరు గింజల నకళ్లు భద్రంగా ఉన్నాయి. ఇదంతా గట్టి గోడలు, చల్లని గదులు లేకుండా సాధ్యమయ్యేది కాదు.

పొలం పక్కనే కార్యాలయం ఉండటం వల్ల కలిగిన మరో మేలు కందిచేలో కనిపిస్తుంది. కందికి ఎండు తెగులు వస్తే పూత మీద ఉన్న చేను వారం పది రోజుల్లో నిలువునా ఎండిపోతుంది. తెగులు మట్టిలో దాగి ఉంటుంది కాబట్టి మందు కొట్టి లాభం లేదు. శాస్త్రవేత్తలు చేసిన పని వినడానికి విడ్డూరంగా ఉంటుంది. తెగులును చంపడానికి బదులు, ఒక మడిలో దాన్ని కావాలని పెంచారు. వందల రకాల కందిని ఆ రోగపు మడిలో వేశారు. చచ్చినవి చచ్చాయి. బతికిన మొక్కల గింజ తీసి మళ్లీ అందులోనే వేశారు. ఈ దారిలో వచ్చిందే 1986లో విడుదలైన మారుతి రకం. ఎండు తెగులునూ వెర్రి తెగులునూ కూడా తట్టుకునే ఆశ రకం 1993లో విడుదలైంది. ఈ పని అద్దె ఇంటి మేడ మీద కూర్చుని చేసేది కాదు. రోజూ పొద్దున్నే మడిలోకి దిగి చచ్చిన మొక్కలను లెక్కపెట్టే మనిషి కావాలి.

అయితే పొలం పక్కన కూర్చున్నంత మాత్రాన రైతు పక్కన కూర్చున్నట్టు కాదు. ఈ సంగతిని కూడా పటాన్‌చెరు చరిత్రే నేర్పింది. నల్లరేగడి భూముల్లో మన రైతులు వానాకాలం చేనును బీడు పెట్టి, నిలిచిన తేమ మీద యాసంగి పంట వేయడం పాత అలవాటు. వాన పడితే రేగడి బంకలా పట్టేస్తుంది, అరక కదలదు, నీరు నిలిచి మొక్క కుళ్లుతుంది. దీనికి సంస్థ ఒక మంచి ఉపాయం కనిపెట్టింది. యాసంగి కోత కాగానే దున్ని, వెడల్పాటి బోదెలు తోలి, మధ్య కాలువల గుండా ఎక్కువైన నీటిని పంపి, తొలి వానకు ముందే పొడి దుక్కిలో విత్తితే ఏడాదికి రెండు పంటలు తీయవచ్చు. సంస్థ పొలంలో ఇది చక్కగా పండింది. దానికోసం ఎద్దులు లాగే చక్రాల బండి వంటి పనిముట్టును వాడారు. దున్నడం, బోదెలు తోలడం, విత్తడం, సామాను మోయడం అన్నీ దానితోనే.

1981-82లో ఈ పద్ధతిని మన మెతుకుసీమలోనే తడ్డన్‌పల్లి గ్రామ రైతుల చేలల్లో పరీక్షించారు. నిపుణులు దగ్గరుండి నడిపినంతకాలం ఫలితాలు ఆశాజనకంగానే వచ్చాయి. కాని మొత్తం పద్ధతి ఊరూరా పాకలేదు. పనిముట్టు ధర చిన్న రైతుకు అందేది కాదు. దాన్ని లాగడానికి బలమైన ఎద్దులు కావాలి. చెడిపోతే ఊరి కమ్మరి కొలిమిలో అతుకు పడదు. ఒక్కో పనికి ఒక్కో చవక పనిముట్టు ఇంట్లో ఉండగా, అన్ని పనులూ చేసే ఖరీదైన బండి రైతుకు ఎందుకు? దేశదేశాల్లో ఇటువంటి చక్రాల పనిముట్ల అనుభవాన్ని పరిశీలించిన నిపుణులు 1988 నాటికి తేల్చిందీ ఇదే. పరిశోధనా క్షేత్రంలో నిర్దుష్టంగా తయారైన వస్తువును రైతు తిరగ్గొట్టాడు. అయితే రైతులు ఉపాయాన్ని మొత్తంగా పారేయలేదు. పొడి దుక్కి, మేలైన విత్తనం, ఎరువు మోతాదు వంటి తమకు పనికొచ్చే ముక్కలను ఏరుకున్నారు. ఖరీదైన పెట్టెను వదిలి లోపలి సరుకు తీసుకున్నవాడిని మొండివాడు అనగలమా?

విశేషమేమంటే, రైతు మొండివాడు కాడని శాస్త్రీయంగా నిరూపించిన పనీ ఈ సంస్థదే. పటాన్‌చెరులో కొత్త భవనాలకు పునాదులు తవ్వుతున్న 1975లోనే, సంస్థ ఆరు పల్లెల్లో తన మనుషులను కాపురం పెట్టించింది. వాటిలో రెండు నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి, దోకూరు. మిగిలిన నాలుగు మహారాష్ట్రలోని షోలాపూర్, అకోలా జిల్లాల్లోవి. ఒక్కో ఊరిలో నలభై కుటుంబాలను ఎంచుకున్నారు. అందులో పది భూమిలేని కూలీలవి, మిగిలినవి చిన్న, మధ్యతరగతి, పెద్ద రైతులవి. ఊళ్లోనే ఉండే యువకులు మూడు నాలుగు వారాలకొకసారి ప్రతి గడపకూ వెళ్లి లెక్కలు రాసుకున్నారు. ఎవరు ఎంత విత్తారు, ఎక్కడ అప్పు తెచ్చారు, ఎన్ని రోజులు కూలి దొరికింది, ఇంట్లో ఏం తిన్నారు అన్నీ రాశారు. పదేళ్లు విడవకుండా రాసి, 2001 తరువాత మళ్లీ కొనసాగించారు. ప్రపంచంలోని పెద్ద పెద్ద విశ్వవిద్యాలయాల ఆర్థికవేత్తలు ఆ రెండు తెలుగు పల్లెల పేర్లు నేర్చుకున్నది ఈ లెక్కల వల్లనే.

ఆ లెక్కలు తేల్చిందేమిటి? మెట్ట రైతు అజ్ఞానం వల్ల కొత్తదాన్ని కాదనడం లేదు. వాన తప్పితే మిగిలేదేమిటి, అప్పు ఎలా తీరుతుంది, పశువుకు మేత ఉంటుందా అన్న లెక్క చూసుకుని అడుగు వేస్తున్నాడు. జొన్న గింజ నాలుగు బస్తాలు ఎక్కువ పండినా చొప్ప పొట్టిదైతే ఎద్దులు పస్తులుంటాయని అతనికి తెలుసు. ఈ చిన్న మాట బేగంపేట మేడ మీద నుంచి గాని, పటాన్‌చెరు మేడ మీద నుంచి గాని కనిపించేది కాదు. ఔరేపల్లి అరుగు మీద కూర్చుంటేనే కనిపించింది. ఆ ఏళ్లలో సంస్థకు దొరికిన అన్నింటికన్నా మంచి కార్యాలయం ఆ అరుగే అంటే అతిశయోక్తి కాదు.

రైతు చేరువలో పని జరిగినచోట ఫలితం ఎలా ఉంటుందో శనగ చెబుతుంది. జబల్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, ఇక్రిశాట్ కలిసి తెచ్చిన జేజీ 11 శనగ 1999లో విడుదలైంది. వంద రోజుల లోపే కోతకు వస్తుంది, ఎండు తెగులును తట్టుకుంటుంది. పత్తిలో దెబ్బతిన్న ప్రకాశం జిల్లా రేగడి రైతు, కర్నూలు, కడప రైతులు దాన్ని అందిపుచ్చుకున్నారు. శనగ ఉత్తరాది చలి పంట అనుకునే రోజులు పోయాయి. ఇందులో పటాన్‌చెరు పాత్ర ఎంతో, నంద్యాల పరిశోధనా స్థానం పాత్ర, విత్తన సంస్థల పాత్ర, పక్కచేను చూసి విత్తనం అడిగి తెచ్చుకున్న రైతు పాత్ర అంత. ఆ తరువాత యంత్రంతో కోయడానికి వీలుగా నిటారుగా పెరిగే శనగ రకాన్ని నంద్యాల వారే తీసుకొచ్చారు. అదే విధంగా 1999లోనే శంకర్‌పల్లి సమీపాన కొత్తపల్లిలో ఊరివారితో కలిసి చేపట్టిన వాన నీటి సంరక్షణ పని బావుల్లో నీటిమట్టం పెంచింది. చెక్‌డ్యాంలు ఎక్కడ కట్టాలన్నది ఊరి సంఘం కూడా కూర్చుని తేల్చుకున్నందువల్లనే అది నిలిచింది.

భవన వైభవానికీ పంట ఫలితానికీ సంబంధం లేదని చెప్పడానికి కోస్తా ఉదాహరణ ఒకటి చాలు. పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు వరి పరిశోధనా స్థానం పేరు దాని అద్దాల వల్ల ఎవరికీ తెలియలేదు. 1982లో అక్కడినుంచి వచ్చిన స్వర్ణ వరి వల్ల తెలిసింది. మన రాష్ట్రాలు దాటి ఒరిస్సా, బెంగాల్ దాకా, బంగ్లాదేశ్ దాకా ఆ గింజ పాకింది. మార్టేరు పేరు తెలియని రైతుకు కూడా స్వర్ణ పేరు తెలుసు. పరిశోధనా సంస్థకు అంతకన్నా పెద్ద సన్మానం ఉండదు.

ఇక నేటి సంగతి. 2022 ఫిబ్రవరి 5న ఇక్రిశాట్ స్వర్ణోత్సవాలకు ప్రధాని నరేంద్ర మోదీ వచ్చి, మరో రెండు కొత్త పరిశోధనా వసతులను ప్రారంభించారు. ఒకటి మారుతున్న వాతావరణంలో చీడపీడల మీద పరిశోధనకు, మరొకటి తక్కువ కాలంలో ఎక్కువ తరాల పంట తీసి కొత్త రకాలను త్వరగా తయారు చేయడానికి. వెలుతురు, వేడి అదుపులో పెట్టి మొక్కను త్వరగా పూతకు తెస్తే, కొత్త వంగడానికి పట్టే ఏళ్లు తగ్గుతాయి. సంతోషమే. కాని అసలు ఆలస్యం ఎక్కడ జరుగుతున్నదో కూడా చూడాలి.

వేరుశనగను తీసుకుందాం. 1940లో విడుదలైన టీఎంవీ 2 రకం అనంతపురం చేలల్లో అరవై ఏళ్లు గడిచినా కదలలేదు. కరవును మెరుగ్గా తట్టుకునే రకాలు ఈలోగా రాలేదా? వచ్చాయి. కాని వేరుశనగ విత్తనం ఎకరానికి అరవై డెబ్బై కిలోలు కావాలి. విత్తిన దానికి పది పన్నెండింతలు వస్తే గొప్ప. జొన్న అయితే ఎకరానికి మూడు నాలుగు కిలోలు చాలు, ఒక్క ఎకరం గింజ వంద ఎకరాలకు పైగా సరిపోతుంది. వేరుశనగలో ఒక కొత్త రకం జిల్లా అంతటికీ చేరాలంటే ఏటేటా పెంచుతూ పోవాలి. ఆ పని ప్రయోగశాలది కాదు. విత్తనాభివృద్ధి సంస్థది, వ్యవసాయ శాఖది, వాటికి డబ్బు విడుదల చేయవలసిన ప్రభుత్వానిది. ప్రయోగశాలలో రెండేళ్లు మిగిల్చి, గోదాములో పదేళ్లు పోగొట్టుకుంటే లాభమేమిటి?

మన జిల్లాలోనే మరో దృశ్యం ఉంది. జహీరాబాద్ ప్రాంతంలో పేద మహిళల సంఘాలు పాత పంటల గింజలను వెదురు బుట్టల్లో, బూడిద, వేపాకు కలిపి దాస్తున్నాయి. అడిగినవారికి గింజ ఇచ్చి, పండాక రెట్టింపు తిరిగి తీసుకుంటున్నాయి. పటాన్‌చెరులో మైనస్ 20 డిగ్రీల గది, జహీరాబాదులో వెదురు బుట్ట. ఒక దానిలో గింజ తరాలపాటు నిద్రపోతుంది, రెండో దానిలో ఏటా మేల్కొంటుంది. రెండూ కావలసినవే. గది వారు బుట్ట వారిని ఏడాదికొకసారైనా పిలిచి, గౌరవంగా కూర్చోబెట్టి, వారి మాట వినాలి. గంట సేపు వ్యాను ప్రయాణం దూరంలో ఉన్నవారు తరం మారినా కలవకపోతే తప్పు రోడ్డుది కాదు.

కనుక మూడు సూచనలు చేయదలచాం. ఇవి పటాన్‌చెరుకే కాదు, కొత్త భవనం కట్టుకున్న, కట్టుకోబోతున్న ప్రతి పరిశోధనా సంస్థకూ వర్తిస్తాయి.

మొదటిది, నెలకొక రోజు రైతుకు తలుపు తెరవాలి. అది ఉత్సవంలా ఉండకూడదు. సిఫారసు ఉత్తరం, ముందస్తు పాసు అవసరం లేకుండా, తెగులు పట్టిన కొమ్మను సంచిలో పెట్టుకుని వచ్చిన రైతు ఎవరినైనా కలుసుకోగలగాలి. అతనితో తెలుగులో మాట్లాడే మనిషి గుమ్మం దగ్గరే ఉండాలి. పెద్ద సంస్థ గేటు దగ్గర రైతు చెప్పులు విడిచి నిలబడే అలవాటు పోయేదాకా ఆ సంస్థ రైతుది కాదు.

రెండవది, ఫలితాలతో పాటు వైఫల్యాలు కూడా ఊరికి చేరాలి. తెలంగాణలో సుమారు 2,600 రైతు వేదికలు కట్టారు. వాటి గోడల మీద ఈ ఏడు ఏ రకం మా నేలలో నిలిచింది, ఏది నిలవలేదు అని రెండు ముక్కలు తెలుగులో రాసి అతికించడానికి కోట్లు ఖర్చు కావు. తాళం వేసిన రైతు వేదిక, కంచె లోపలి ప్రయోగశాల ఒకదానికొకటి తెలియకుండా ఉంటే కట్టిన సిమెంటు అంతా వృథా.

మూడవది, విత్తనం పెంచే పని ఊళ్లకు అప్పగించాలి. మండలానికి కొంతమంది రైతులను విత్తన రైతులుగా తయారు చేసి, వారు పెంచిన గింజను విత్తన సంస్థ మంచి ధరకు కొనే ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి. కౌలు రైతుకు కూడా ఇందులో చోటు ఉండాలి.

బాధ్యత ఒక వైపే లేదు. రైతులు కూడా అడగడం నేర్చుకోవాలి. గ్రామసభలో పింఛను, రోడ్డు, మోరీ గురించి అడుగుతున్నాం, మంచిదే. మా ఊరి కందికి తెగులు ఎందుకు వస్తున్నది, దీనికి మందుందా, రకం ఉందా అని ఒక్క ప్రశ్న రాసి, పదిమంది సంతకాలు పెట్టి పంపిన పంచాయతీలు ఎన్ని? అడగని ప్రశ్నకు ఏ శాస్త్రవేత్తా జవాబు చెప్పలేడు. మెట్ట పంటలకు గిట్టుబాటు ధర లేక రైతు పత్తికీ వరికీ మరలిపోతుంటే, జొన్న మీద ఎంత పరిశోధన చేసినా పొలానికి చేరదన్న సంగతి పాలకులు గుర్తించేలా చెప్పవలసింది కూడా మనమే.

మన్మూలు, కాచిరెడ్డిపల్లి వారు లేచిపోయిన చోట నేడు ప్రపంచపు గింజలు నిద్రపోతున్నాయి. ఆ రెండు ఊళ్ల పేర్లు ఆ గుమ్మం దగ్గర చదువుకునేలా ఉండాలి. కొత్తగా ఉద్యోగంలో చేరిన ప్రతి శాస్త్రవేత్తా తొలి రోజున చదవవలసిన మొదటి పాఠం అదే కావాలి. తాను కూర్చున్న బల్ల ఒకప్పుడు ఒకరి పొలం అని తెలిసినవాడు, ఆ పొలానికి ఏదో ఒకటి తిరిగి ఇవ్వకుండా ఇంటికి వెళ్లలేడు. భవనాలు ఎన్నైనా కట్టుకోండి, అందంగా కట్టుకోండి. వాకిలి మాత్రం పొలం వైపు పెట్టండి.